ఒక్క సబ్జెక్టుకు లొంగని ప్రశ్న

నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ వచ్చాక మన కాలేజీల్లో చదువుల కలయికలు మారిపోయాయి. కెమిస్ట్రీ మేజర్‌కు ఎకనామిక్స్ మైనర్ జోడించినవాళ్లున్నారు. చరిత్ర చదువుతూ పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనైతే కంప్యూటర్ సైన్సునూ మానవీయ శాస్త్రాలనూ కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ చాలాకాలంగా నడుస్తోంది. మొదటి మూడేళ్లు పెద్ద ఇబ్బందేమీ ఉండదు. ఈ క్లాసు అయ్యాక ఆ క్లాసు, ఈ పరీక్ష రాశాక ఆ పరీక్ష. చిక్కంతా చివరి ప్రాజెక్టు దగ్గరే.

నీళ్ల మీద ఏదైనా చేద్దామని కెమిస్ట్రీ సార్ దగ్గరికి వెళ్తే, "సర్వేలు మన డిపార్టుమెంటులో ఎందుకమ్మా?" అంటారు. ఎకనామిక్స్ మేడమ్ దగ్గరికి వెళ్తే, "ల్యాబ్ రీడింగులు నేనెలా చూడను?" అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. వాళ్లకు మార్కులు వేసే పట్టిక ఒక్కో సబ్జెక్టుకే ఉంది. మధ్యలో నలిగేది విద్యార్థి. రెండు వారాలు తిరిగి తిరిగి, గడువు దగ్గర పడ్డాక, సీనియర్లు వాడిన టైటిల్ ఒకటి పట్టుకుని సంతకం పెట్టించుకుంటారు. లేదంటే డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుంటారు. నాలుగేళ్ల చదువులో మీ సొంత ప్రశ్నకు మీరు జవాబు వెతుక్కునే అవకాశం ఇదొక్కటే. అది ఇలా చేజారిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

యూజీసీ 2022లో తెచ్చిన పాఠ్యక్రమ చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన దారి ఎంచుకోవచ్చు. ఆ పరిశోధనకు 12 క్రెడిట్లు. అంటే దాదాపు మూడు పేపర్ల బరువు ఒక్క ప్రశ్న మీద పెడుతున్నారన్నమాట. ఆ ప్రశ్నను ఎంచుకోవడానికి కనీసం నెల రోజులు ఇవ్వండి.

రెడీమేడ్ టైటిళ్ల సంగతి

గుండెజబ్బును ముందే చెప్పే మోడల్, ముఖం చూసి హాజరు వేసే యాప్, భూమికి తగిన పంట చెప్పే సిస్టమ్. ప్రతి కాలేజీలో ప్రతి ఏడాదీ ఇవే. మూడోదాన్ని కాస్త వివరంగా చూద్దాం. పేరు వినగానే అది రెండు మూడు శాస్త్రాలను కలిపినట్టే అనిపిస్తుంది కాబట్టి.

ఈ ప్రాజెక్టులు చేసేవాళ్లలో చాలామంది కాగుల్ అనే వెబ్‌సైట్‌లో దొరికే ఒకే డేటాసెట్ వాడతారు. 2,200 వరుసలు, 22 పంటలు. నత్రజని, భాస్వరం, పొటాష్, ఉష్ణోగ్రత, తేమ, వర్షపాతం, నేల ఉదజని సూచిక ఇస్తే పంట పేరు చెబుతుంది. 99 శాతం దాకా కచ్చితత్వం వస్తుంది. రిపోర్టులో ఆ అంకె బోల్డు అక్షరాల్లో ఉంటుంది. కానీ ఆ 22 పంటల జాబితా ఒకసారి చదవండి. యాపిల్ ఉంది. కాఫీ ఉంది. జనపనార ఉంది. మిర్చి లేదు. వేరుశనగ లేదు. పసుపు లేదు. చెరకు లేదు. గుంటూరులో, అనంతపురంలో, నిజామాబాద్‌లో కూర్చుని మన పిల్లలు ఈ మోడల్‌ను సమర్పిస్తున్నారు. కిటికీలోంచి కనిపించే పంట అందులో లేదన్న సంగతి వైవాలో కూడా ఎవరూ అడగరు.

ఒకవేళ ఆ పంటలన్నీ చేర్చినా కథ అక్కడితో అయిపోదు. రైతు ఏ పంట వేస్తాడన్నది నేల ఒక్కటే తేల్చదు. భూమి సొంతమా, కౌలా? పెట్టుబడి పెట్టిన వ్యాపారి ఏ పంట తన దగ్గరికి రావాలంటున్నాడు? కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు? కోతల వేళకు కూలీలు దొరుకుతారా? పక్క చేలో ఏం వేశారు? ఈ ప్రశ్నలు అడిగిన క్షణం మీ ప్రాజెక్టులోకి ఎకనామిక్స్ తనంతట తనే నడిచి వస్తుంది. అడగకపోతే మీరు చేసింది కంప్యూటర్ ప్రాజెక్టు మాత్రమే, వ్యవసాయం దానికి పైన అతికించిన చీటీ.

అందుకే నేను విద్యార్థులకు ఒకే ఒక్క పరీక్ష చెబుతాను. మీ ప్రాజెక్టులోంచి ఒక సబ్జెక్టును తీసేసి చూడండి. మిగిలినది ఇంకా నిలబడితే అది కలగలుపు ప్రాజెక్టు కాదు. కూలిపోతే, అదే మీకు కావలసింది.

నల్గొండ నీళ్లు

ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో నాకు బాగా ఇష్టమైన ఒక అంశంతో చూపిస్తాను. ఫ్లోరైడ్ బారిన పడిన ఊళ్లకు దగ్గర్లో ఉన్న కాలేజీ ఏదైనా ఈ ఏడాదే చేపట్టవచ్చు.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కానీ ఆ జబ్బు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది నల్గొండ. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. కెమిస్ట్రీ పరంగా అది చక్కని పద్ధతి. చవక, సామాన్లు ఊళ్లోనే దొరుకుతాయి. అయినా ఊళ్లలో దాన్ని కలకాలం నిలబెట్టడం కష్టమైంది. రోజూ పటిక పాళ్లు చూసి కలిపేదెవరు? అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పారబోయాలి? జీతం ఎవరిస్తారు? ఇవేవీ పరీక్షనాళికలో తేలేవి కావు. రసాయన శాస్త్రం జవాబు చెప్పింది. ఆ జవాబును రోజూ అమలు చేసే మనిషి గురించి ఎవరూ అంత శ్రద్ధగా అడగలేదు.

తర్వాత 2016లో మిషన్ భగీరథ మొదలైంది. బోరు నీళ్ల బదులు నదీజలాలు నల్లాల్లోకి వచ్చాయి. ఇక్కడే మీ ప్రశ్న పుడుతుంది. నల్లా వస్తున్న ఇంట్లో కూడా 20 లీటర్ల క్యాన్ ఎందుకు కొంటున్నారు?

దీన్ని కెమిస్ట్రీ ఒక్కటే తేల్చలేదు. నల్లా నీళ్లు మంచివే అని ల్యాబ్ చెప్పినా క్యాన్ కొనడం ఆగకపోవచ్చు. ఎకనామిక్స్ ఒక్కటే తేల్చలేదు, ఎందుకంటే ఆ ఇంటివాళ్లు దేనికి డబ్బు పెడుతున్నారో, ఆ నీటిలో నిజంగా ఏముందో తెలియకుండా లెక్కకు అర్థం లేదు. సోషియాలజీ చదివిన విద్యార్థి లేకపోతే అసలు సరైన మనిషిని అడగడమే జరగదు. ముగ్గురూ కావాలి. ఏ ఒక్కరిని తీసేసినా కూలిపోతుంది.

ఇక పని. ఒకే ఊరు తీసుకోండి. 60 ఇళ్లు చాలు. అయితే ఆ 60 ఇళ్లు మెయిన్ రోడ్డు పక్కన వరసగా ఉన్నవి కాకూడదు. ట్యాంకు దగ్గరి ఇళ్లు, పైపు చివరి ఇళ్లు, ఎస్సీ కాలనీ, తండా ఉంటే తండా, అన్నీ రావాలి. పైపు చివర నీళ్లు వచ్చే తీరు వేరుగా ఉండవచ్చు. ఒకే వాడలో తిరిగితే అది మీకు ఎప్పటికీ తెలియదు.

ప్రతి ఇంట్లో తాగే నీళ్ల నమూనా తీసుకోండి. ప్లాస్టిక్ సీసాల్లోనే తీసుకోండి, ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసాలు వాడరు. కాలేజీలో ఫ్లోరైడ్ అయాన్ ఎలక్ట్రోడ్ లేకపోతే దగ్గర్లోని విశ్వవిద్యాలయాన్నో, తాగునీటి విభాగం ల్యాబునో మీ గైడ్ ద్వారా లేఖతో అడగవచ్చు. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు వందల్లో దొరుకుతుంది కదా, దాంతో సరిపెడదామని మాత్రం అనుకోకండి. టీడీఎస్ తక్కువగా ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ తక్కువని కాదు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప వాటిలో ఏది ఎంతుందో చెప్పదు. క్యాన్ల వ్యాపారులు చూపించేదీ, జనం నమ్మేదీ ఆ అంకెనే అయితే మీ ప్రాజెక్టుకు అదొక్కటే పెద్ద అధ్యాయం అవుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కాచి తాగితే పోతుందనుకునేవాళ్లు తగులుతారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు.

ప్రశ్నలు అడిగే తీరులోనే సగం ప్రాజెక్టు ఉంది. "నీటి నాణ్యతపై మీ సంతృప్తి ఒకటి నుంచి ఐదు వరకు ఎంత?" అని ఫారం చదివితే, ఎదుటివాళ్లు మిమ్మల్ని త్వరగా పంపించడానికి ఏదో ఒక అంకె చెప్పేస్తారు. నీళ్లు పట్టే మనిషినే పట్టుకుని, "నిన్న అన్నం ఏ నీళ్లతోని వండిన్రు అక్కా? పిల్లల బాటిల్ల ఏ నీళ్లు పోసిన్రు?" అని అడగండి. నిన్నటి సంగతి అందరికీ గుర్తుంటుంది. అన్నానికి నల్లా నీళ్లు, తాగడానికి క్యాన్, పప్పు ఉడకడం లేదని దానికి మరో నీళ్లు, ఇలా ఒకే ఇంట్లో మూడు రకాల నీళ్ల వాడకం బయటపడవచ్చు. ఇది ఏ ఫారంలోనూ గడిగా ఉండదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక ఇంటి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని తేలితే ఆ సంగతి ముందు ఆ ఇంటికి చెప్పాలి. రిపోర్టు సమర్పించేదాకా ఆగడానికి వీల్లేదు. ఆ నీళ్లు పిల్లలు తాగుతుంటారు. ఎలా చెప్పాలి, ఎవరిని కలవమనాలి అన్నది నమూనాలు తీయకముందే గైడ్‌తో మాట్లాడుకోండి.

పాత కాగితాలు, కొత్త పటాలు

సైన్సు ల్యాబు లేని ఆర్ట్స్ కాలేజీ అయితే ఎలా అంటారా? కడప వైపు చూడండి.

1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ అంతకు ముందే మన ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఊరూరి వృత్తాంతాలు సేకరింపజేశాడు. ఆ పనిలో ఆయనకు వెన్నెముకగా నిలిచినవాళ్లు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. కరణాలు, పూజారులు, ఊరి పెద్దలు చెప్పిన సంగతులు, చూపించిన పాత కవిలెలు అందులోకి ఎక్కాయి. అవే కైఫీయత్తులు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం ఉంది, పొలిమేరలు ఏవి, అన్నీ ఉంటాయి. కడప జిల్లా కైఫీయత్తులను అక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. పుస్తకాలు ఉన్నాయి. వాటితో పటం గీసే విద్యార్థులు కావాలి.

ఒక మండలం తీసుకోండి. ఆ మండలంలోని ఊళ్ల కైఫీయత్తుల్లో కనిపించే చెరువులు, కుంటలు, కాలువల పేర్లన్నీ రాసుకోండి. తర్వాత ఉపగ్రహ చిత్రాలు తెరవండి. 1972 నుంచీ పోగైన ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉచితం. 2015 నుంచి పనిచేస్తున్న సెంటినల్-2 చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు, కాబట్టి మోస్తరు కుంట కూడా కనిపిస్తుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) నడిపే పటాల పోర్టల్ భువన్ ఉంది. పటాలు గీయడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఇప్పుడు అడగండి: ఆ కాగితాల్లో ఉన్న చెరువుల్లో నేడు నీళ్లు నిలుస్తున్నవి ఎన్ని, పొలాలైనవి ఎన్ని, ఇళ్లయినవి ఎన్ని?

కంప్యూటర్ విద్యార్థి ఒక్కడే కూర్చుంటే పటం మీద నీలం మచ్చలు కనిపిస్తాయి తప్ప వాటి పేర్లు తెలియవు. చరిత్ర విద్యార్థి ఒక్కతే కూర్చుంటే పేర్లు ఉంటాయి, చోటు తెలియదు. ఊళ్ల పేర్లు మారిపోయాయి, కొన్ని ఊళ్లు లేచిపోయాయి. అక్కడ మూడో సాయం కావాలి. అది ఆ ఊళ్లోని పెద్దవాళ్లది. "తాతా, ఇక్కడ ఒకప్పుడు చెరువుండేదంట కదా" అంటూ పటం పట్టుకుని వెళ్లండి. ఈ ప్రాజెక్టులో నాకు నచ్చేది అదే. చరిత్ర పుస్తకం చేతపట్టుకుని పొలం గట్టు మీద నడవాల్సి వస్తుంది.

మరికొన్ని సంగతులు క్లుప్తంగా చెబుతాను. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర కొరతను బాటనీ, కామర్స్ విద్యార్థులు కలిసి చూడవచ్చు: చెట్టు పెరిగే వేగం ఎంత, బొమ్మలు అమ్ముడయ్యే వేగం ఎంత? కొల్లేరు సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. అక్కడ జువాలజీ, చట్టం, జీవనోపాధి మూడూ ఒకే గట్టు మీద తగాదా పడుతున్నాయి.

పోచంపల్లి చీరల విషయం మాత్రం ఇంకో రెండు మాటలు కోరుతుంది. చేనేత ఇళ్లలో ఆసు పోయడం, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టడం, ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసిన చింతకింది మల్లేశం ఏ ఇంజినీరింగ్ కాలేజీ మెట్లూ ఎక్కకుండానే 1999లో ఆసు యంత్రాన్ని నిలబెట్టాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మెకానికల్ విద్యార్థులు ఆ యంత్రాన్ని చూసి అక్కడే ఆగిపోతారు. మీరు ఇంకో అడుగు వేయండి. యంత్రం వచ్చాక ఆ ఆడవాళ్లకు మిగిలిన గంటలు ఏమయ్యాయి? విశ్రాంతి అయ్యాయా, ఇంకో చీర అయ్యాయా, బయటి కూలి అయ్యాయా? ఆ చేతిపని లెక్క ఇంటి ఆదాయంలో మునుపైనా ఎక్కడైనా రాశారా? ఇంజినీరింగ్, స్త్రీ అధ్యయనాలు, ఎకనామిక్స్ కలిసి కూర్చోవాల్సిన ప్రశ్న ఇది.

పని నడిచే దారి

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తారు. చాలామంది ఆ పుస్తకం సమర్పించి మర్చిపోతారు. దాన్ని బయటికి తీయండి. అప్పుడు మీరు తిరిగిన ఊళ్లోనే మీ చివరి ఏడాది ప్రశ్న ఉండవచ్చు. ఆ ఊళ్లో మనుషులు మిమ్మల్ని ఇప్పటికే ఎరుగుదురు, అది కొత్త ఊళ్లో నెల రోజుల పనికి సమానం. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చదివేవారికి జిజ్ఞాస పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీలు జరుగుతాయి. పాత జట్ల పని మీ లెక్చరర్ల దగ్గర ఉంటే అడిగి చదవండి.

గైడ్‌లు ఇద్దరు కావాలి. వాళ్లిద్దరినీ మొదటి రెండు వారాల్లోనే ఒకే గదిలో కూర్చోబెట్టండి. విడివిడిగా కలిస్తే ఒకరు అటు, ఒకరు ఇటు లాగుతారు. ఒక్క పేజీ రాసుకుని వెళ్లండి: ప్రశ్న ఏమిటి, ఏ సబ్జెక్టు ఏ భాగానికి జవాబుదారీ, మార్కులు ఎవరు దేనికి వేస్తారు. ఆ పేజీ మీద ఇద్దరి సంతకాలూ తీసుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు. సెమిస్టర్ చివర్లో "ఇది మా సబ్జెక్టు కాదు" అన్న మాట రాకుండా కాపాడేది ఆ కాగితమే.

ప్రభుత్వ సమాచారం కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టండి. చట్టం ప్రకారం జవాబుకు 30 రోజులు. అది ఆలస్యమైతే అప్పీలు, అంటే ఇంకో నెల. సెమిస్టర్ మధ్యలో పెడితే వైవా అయ్యాక కవరు వస్తుంది. జిల్లా స్థాయి ఆరోగ్య వివరాలకు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పత్రాలు, ఊరి స్థాయి వివరాలకు 2011 జనగణన పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. పాతవి కాబట్టి వాటిని నేటి లెక్కలుగా చూపించకండి. ఏ ఏడాదివో ప్రతి పట్టిక కిందా రాయండి.

జట్టులో పని పంచుకునేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కంప్యూటర్ అబ్బాయి కోడు, కామర్స్ అమ్మాయి రిపోర్టు, మూడోవాడు ప్రింటు. అలా చేస్తే మూడు సబ్జెక్టులు పక్కపక్కన కూర్చుంటాయి గానీ కలవవు. కోడు రాసేవాడు కనీసం ఐదు ఇళ్లలో తనే ప్రశ్నలు అడగాలి. సర్వే చేసిన అమ్మాయి కనీసం ఒక పటం తనే గీయాలి. నమూనాలు మోసుకొచ్చినవాళ్లు ల్యాబులో ఒక రీడింగు తీయాలి. అప్పుడే వైవాలో ఏ ప్రశ్న వచ్చినా "అది వాడు చేశాడు సార్" అనే మాట రాదు.

ఫలితం ఏ రూపంలో ఉండాలన్నది ఎవరు వాడతారన్నదాన్ని బట్టి తేల్చుకోండి. చెరువుల ప్రాజెక్టుకు పటమే ఫలితం, వంద పేజీల రిపోర్టు దానికి అనుబంధం. ఆసు ప్రాజెక్టుకు ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ, దానితో పాటు గంటల లెక్క పట్టిక సరిపోవచ్చు. నీళ్ల ప్రాజెక్టుకు ఇంటింటికీ ఇచ్చే చీటీ, పంచాయతీకి ఇచ్చే పత్రం ముఖ్యం. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఎందులోనూ కనిపించకూడదు. ఇళ్లకు నంబర్లు వేసి రాసుకోండి, పేర్ల జాబితా గైడ్ దగ్గర విడిగా ఉంచండి. మాట్లాడేముందు అనుమతి అడగండి. పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రులను అడగండి. కొన్ని ప్రాజెక్టులకు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాల్సి వస్తుంది, ముఖ్యంగా ఆరోగ్యం జోలికి వెళ్లేవాటికి.

రిపోర్టు ఇంగ్లీషులో రాయక తప్పకపోవచ్చు. కానీ మీకు నీళ్ల నమూనాలిచ్చిన అక్కలు, పొలం గట్టు చూపించిన తాతలు దాన్ని చదవలేరు. అందుకని తెలుగులో రెండు పేజీలు విడిగా రాయండి. మీకు తేలిందేమిటి, తేలనిదేమిటి, ఏ అంకె ఎలా వచ్చింది. దాన్ని ఊళ్లో పదిమంది ముందు చదివి వినిపించండి. మీరు తప్పుగా రాసుకున్న చెరువు పేరు వాళ్లు పట్టుకుంటారు. ఫలానా వాడకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని మీరు రాస్తే, అది ఎండాకాలం సంగతి, మిగతా రోజుల్లో అలా కాదని సరిచేస్తారు. ఏ ఎగ్జామినరూ చేయలేని సవరణలవి. వాటిని రిపోర్టులో చేర్చడానికి వీలుండాలంటే ఆ రెండు పేజీలు వైవాకు కనీసం మూడు వారాల ముందే ఊరికి చేరాలి.